కందకానికీ అగ్నిపర్వతానికీ మధ్య
(జాతీయ సైన్స్ దినోత్సవ ప్రసంగం, హనుమకొండ)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న పిల్లలకు నమస్కారం. అందరి పేర్లూ చదివితే నాకిచ్చిన టైం అక్కడే అయిపోతుంది, ఏమీ అనుకోకండి.

ఫోర్‌ఆర్క్ బేసిన్ల గురించి, అంటే సముద్రం అడుగు కందకానికీ అగ్నిపర్వతాలకూ మధ్య ఉండే పల్లాల గురించి మాట్లాడతానంటే, "ములుగు భూకంపం చెప్పండి సార్, పిల్లలు వింటారు" అన్నారు నన్ను పిలిచినవాళ్లు. సరే. 2024 డిసెంబర్ 4న పొద్దున ఏడున్నర కావస్తుంటే ఇక్కడ కూడా మంచాలు ఊగాయి. తీవ్రత 5.3. కోట్ల ఏళ్ల కింద గోదావరి లోయలో నేల సాగి, చీలి, దిగబడింది. మన సింగరేణి బొగ్గు పేరుకున్నది అందులోనే. 1969లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చిందీ ఆ లోయలోనే. నేను చెప్పబోయే చోట నేల సాగదు, నలుగుతుంది. ములుగు అయిపోయింది. ఇక నా మాట వినండి.

అండమాన్ పటం గుర్తు తెచ్చుకోండి. దీవులకు పడమర సముద్రం అడుగున కందకం ఉంది. భూమి పైపెంకు ఫలకాలనే పెద్ద ముక్కలుగా ఉంటుంది. మనమున్న ఫలకం అక్కడ బర్మా ఫలకం కిందికి దూరుతోంది. గంగా బ్రహ్మపుత్రలు హిమాలయాల నుంచి మోసుకొచ్చి దాని మీద పోసిన ఒండ్రు గీసుకుపోయి ముందు కుప్ప పడుతుంది, కల్లంలో చెక్కతో నూకిన వడ్ల లాగా. ఆ కుప్ప కొసలు నీళ్ల పైకి తేలితే అండమాన్ నికోబార్ దీవులు. తూర్పున బారెన్ అగ్నిపర్వతం. రెండింటి నడుమ పల్లమే ఫోర్‌ఆర్క్ బేసిన్.

ఆ పల్లం ఊరికే నిండదు. బయటి గుట్ట, అంటే ఆ ఒండ్రు కుప్ప, లేచినకొద్దీ అటువైపు అంచు లేస్తుంది, పొరలు అగ్నిపర్వతం వైపు వాలతాయి. అడుగు పొర ఎక్కువ వాలుతుంది, పైది తక్కువ. ఆ తేడా చూసి గుట్ట ఎప్పుడు లేచిందో చెప్పొచ్చు. జపాన్ వాళ్లు తమ తీరం దగ్గర ఇలాంటిదే అయిన కుమానో బేసిన్‌లో చిక్యూ నౌకతో తవ్వి పొరల వయసు కట్టింది ఇందుకే. అండమాన్‌లో ఫలకం ఏటవాలుగా దూరుతుంది కాబట్టి అంచు ముక్క పక్కకు కూడా జారి, నిలువునా పగుళ్లు పడ్డాయి. ఉత్తర చిలీలో కథ వేరు, అక్కడ ఒండ్రు కుప్ప పడటం కాదు, పై ఫలకమే అరిగిపోతోంది.

2004 డిసెంబర్ 26న 9.1 తీవ్రత భూకంపంతో సుమత్రా నుంచి అండమాన్ దాకా ఆ ఫలకాల అతుకు దాదాపు 1300 కిలోమీటర్లు తెగింది. నికోబార్ దక్షిణపు కొసన ఉన్న ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగి లైట్‌హౌస్ మొదలు నీళ్లలో పడింది. అటు ఉత్తర అండమాన్‌లో పగడాలు నీళ్ల బయటికొచ్చి ఎండిపోయాయి. టీవీల నిండా సునామీ అలే. నేల లేచింది, నేల కుంగింది, ఆ మాట అన్నవాళ్లు ఎంతమంది? మళ్లీ అంటున్నా, నేల లేచింది, నేల కుంగింది!

అలాంటి రోజుల తర్వాతే నేను చదువు చెప్పిన కాలేజీలో జియాలజీ సెక్షన్ ఎత్తేశారు. పిల్లలు చేరట్లేదట. పక్కనే సింగరేణిని పెట్టుకుని! ల్యాబ్‌లో కంప్యూటర్లు వచ్చాయి, రాళ్ల బీరువా వరండాలోకి పోయింది. అందులో మా విద్యార్థి తెచ్చిన అండమాన్ ఇసుకరాయి ఒకటుంది. అడుగున గరుకు, పైకి పోయేకొద్దీ నున్నన. సముద్రం అడుగున ఒండ్రు ఒక్కసారిగా జారి సర్దుకున్న గుర్తు అది. వేలితో తడిమితే పిల్లలకు నా ఉపన్యాసం కంటే బాగా తెలుస్తుంది.

ముగించమని చీటీ వచ్చింది, చూశాను. ఆ కాలేజీ వాళ్లు ఇద్దరు ముందు వరుసలోనే ఉన్నారు. అయ్యా, కంప్యూటర్లు అక్కడే ఉండనివ్వండి. బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కుని ఇప్పించండి. ఆటో ఖర్చు నాదే, రాళ్లు ఈ పిల్లల బడికి నేనే తెస్తాను.