ఉప్పుగాలి ఊళ్లలో మ్యూజిక్ సిస్టమ్

అందరికీ నమస్కారం. లక్షలు పోసి కొన్న సిస్టమ్ నాలుగేళ్లకే బొంగురుపోతే, కొత్త యాంప్లిఫయర్ ధర వాకబు చేసేముందు వెనక ఉన్న పిన్నులు చూడండి. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్లలో ముందు దెబ్బతినేది అవే. ఉప్పుగాలికి ఆర్‌సీఏ పిన్నులు, అంటే ఎరుపు, తెలుపు రంగుల ఆడియో వైర్ల కొసలు, చిలుము పడతాయి. ఒక పక్క స్పీకరు సన్నగిల్లుతుంది, వాల్యూమ్ తిప్పితే గరగరమంటుంది. సెట్టు ఆపి, ప్లగ్గు పీకి, ఒక్కో పిన్నునూ రెండు మూడుసార్లు తిప్పుతూ తీసి పెట్టండి. గరగర ఇంకా ఉంటే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. స్పీకరు వైరు కొస నల్లబడితే అర అంగుళం కోసేసి కొత్తగా ఒలవండి. మన నెల్లూరు వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి, సంక్రాంతి బూజు దులిపేటప్పుడే ఈ పనీ పెట్టుకోవచ్చు.

స్పీకరు కోన్ (ముందుండే గరాటులాంటి పొర) అంచు ఫోమ్‌దైతే పదిహేను, ఇరవై ఏళ్లకు పొడిపొడిగా రాలుతుంది. చెమ్మలో ఇంకా ముందే. డ్రైవరు, అంటే కోన్, మాగ్నెట్ ఉన్న ఆ స్పీకరు భాగం, పారేయకండి, అంచు ఒక్కటే దొరుకుతుంది. కోన్ వ్యాసం, ఫ్రేమ్ లోపలి వ్యాసం, అంచు ఉబ్బు వెడల్పు కొలిచి తెప్పించండి. దానికి ముందు రెండు బొటనవేళ్లతో కోన్‌ను సమానంగా, మెల్లగా నొక్కి చూడాలి. గీరుకుపోతున్న చప్పుడొస్తే మాగ్నెట్ సందులో తుప్పు చేరి, కోన్ వెనకుండే తీగచుట్ట (కాయిల్) రుద్దుకుంటూ ఉండొచ్చు. అదే అయితే అంచు మార్చినా డబ్బు దండగే.

ఎండ సంగతి. యాంప్లిఫయర్ లోపల కరెంటును నిలవచేసే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌కు వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగమవుతుంది. నెల్లూరు మే నెలలో, అద్దాల షోకేసులో యాంప్లిఫయర్ పెట్టి తలుపు మూయడం దాన్ని ఉడకబెట్టడమే. పైన కనీసం 15 సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి, దాని నెత్తిన సెట్‌టాప్ బాక్సు ఉండకూడదు.

గుంయ్‌మనే హమ్ వస్తుంటే ముందు డిష్ కేబుల్ పీకి చూడండి. ఆగిందా, అది గ్రౌండ్ లూప్, అంటే సెట్టు రెండు దారుల్లో ఎర్తుకు కలవడంవల్ల వచ్చే మోత. ఎర్తు పిన్ను విరగ్గొట్టి హమ్ తగ్గించే వైద్యం మాత్రం వద్దు, ప్రాణాలమీదికొస్తుంది. వేసవిలో ఎర్తు గుంతలో నీళ్లు పోస్తుండండి. ఎండిన మట్టిలో ఎర్తింగ్ సరిగా పనిచేయదు. ఉరుములప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు తీయాలి. యాంటెన్నా, ఇంటర్నెట్ వైర్లు కూడా.

నేలంతా చీమకుర్తి గ్రానైట్ ఉన్న హాల్లో శబ్దం తిరిగొట్టి చెవులు గింగురుమంటాయి. స్పీకర్ల ముందు మందపాటి జంపఖానా పరిచి చూడండి, ఏ కేబులూ ఇవ్వని మార్పు వినిపిస్తుంది.

చివరగా, ఏళ్లతరబడి మూలనున్న ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌కు నేరుగా కరెంటివ్వకండి. స్పీకర్లు ఊడదీసి, 60 వాట్ల పాత ఫిలమెంటు బల్బును సిరీస్‌లో, అంటే కరెంటు ఆ బల్బు గుండానే యాంప్లిఫయర్‌కు వెళ్లేలా, పెట్టించండి. ఇది కరెంటు పని తెలిసినవాళ్లే చేయాలి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే ఫరవాలేదు. వెలుగుతూనే ఉంటే లోపల షార్టుంది. స్విచ్ ఆపి మెకానిక్‌కివ్వండి. పెద్ద ఫ్యూజు వేసి మళ్లీ ప్రయత్నించకండి.