షాగ్ కట్ ఎలక కొరికినట్టు వచ్చిందా? తప్పు మీ జుట్టుది కాదు, ఆ నీళ్ల సీసాది!

ఆపండి. ముందు ఆ నీళ్ల సీసా కింద పెట్టమనండి.

సెలూన్ కుర్చీలో కూర్చున్నారు. మెడ చుట్టూ నల్లగుడ్డ కట్టారు. ఫోన్‌లో షాగ్ ఫొటో చూపించారు, అదే, పైన పొట్టిగా, కిందికొచ్చేకొద్దీ పొడుగ్గా, పొరలు పొరలుగా (లేయర్లు అంటారు) ఉండే కట్. ఆయన "ఓకే మేడమ్" అని తలూపుతూనే పక్కనున్న స్ప్రే సీసా అందుకుని బుస్సు బుస్సుమని మీ తల తడిపేశాడు. అయిపోయింది! ఇంకా కత్తెర తియ్యనేలేదు, మీ షాగ్ అప్పుడే పోయింది. వంకీల జుట్టుకి గానీ, రింగుల జుట్టుకి గానీ షాగ్‌ని తడి మీద కట్ చెయ్యకూడదు. పొడి జుట్టు మీదే చెయ్యాలి. ఈ మాట ఇవాళ పదిసార్లు అంటాను, విసుక్కోకండి.

పోయిన వీడియోలో "మన జుట్టుకి షాగ్‌ని మించిన కట్ లేదు" అన్నందుకు కామెంట్లలో జరిగిన యుద్ధం చూశారుగా. సగం మంది "అక్కా, అది తెల్లోళ్ల కట్, మనకి నప్పదు" అని. మిగతా సగం "చేయించుకున్నా, పిచ్చిదానిలా ఉన్నా, నా డబ్బులు నువ్విస్తావా" అని. ఒకావిడైతే "వుల్ఫ్ కట్ వేరు, షాగ్ వేరు, తెలీకపోతే మాట్లాడకు" అన్నారు. అమ్మా, షాగ్‌లో మల్లెట్ (ముందు పొట్టి, వెనక పొడుగు ఉండే కట్) కలిపితే వుల్ఫ్ కట్. పైన ఇంకాస్త పొట్టి, వెనకాల తోక ఇంకాస్త పొడుగు. బంధువులే, కొట్టుకోకండి.

తెల్లోళ్ల కట్టే, నేనెప్పుడు కాదన్నాను? న్యూయార్క్‌లో పాల్ మెక్‌గ్రెగర్ అనే హెయిర్‌డ్రెస్సర్ హాలీవుడ్ నటి జేన్ ఫోండాకి ఈ కట్ చేశాడు. 1971లో వచ్చిన "క్లూట్" సినిమాలో ఆవిడ ఆ జుట్టుతోనే కనిపించింది, ఆ నటనకి ఆస్కార్ కూడా తీసుకుంది. ఇక్కడ అసలు పాయింట్ వేరే ఉంది. దానికి ముందు పదేళ్లు అమెరికాలో ఆడవాళ్లు జుట్టుకి రోలర్లు చుట్టుకుని, ఆ గుండ్రటి డ్రయ్యర్ బుట్ట కింద తల పెట్టుకుని కూర్చుని, స్ప్రే కొట్టి కొట్టి కొబ్బరిచిప్పలా గట్టిపడేదాకా సెట్ చేయించుకునేవాళ్లు. షాగ్ ఆ బాధ నుంచి పుట్టింది. తల స్నానం చేసి వదిలేస్తే దాని ఇష్టం వచ్చినట్టు పడే జుట్టు కోసం పుట్టింది. మరి మనమేం చేస్తున్నాం? అదే షాగ్‌ని తడిపి, లాగి, బ్లో డ్రై కొట్టి, పైన ఇస్త్రీ పెట్టి ఇంటికి తెచ్చుకుంటున్నాం!

నా కథే చెప్తా. హైదరాబాద్‌లో పేరున్న సెలూనే, పేరు చెప్పను. తల తడిపారు, దువ్వెనతో బిగించి లాగారు, కట్ చేశారు, అరగంట బ్లో డ్రై. అద్దంలో చూసుకుంటే, అబ్బో, నేనేనా? సెల్ఫీలు దిగాను. మూడోరోజు తల స్నానం చేసి ఫ్యాన్ కింద ఆరబెట్టుకున్నాను. చెంప ఎముక దాకా ఉంచమన్న ఫ్రింజ్, అదే మొహం మీద పడే ముందు జుట్టు, నుదుటి మధ్యకొచ్చి కూర్చుంది. ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి. గుడివాడ నుంచి అమ్మమ్మ వీడియో కాల్ చేసి, రెండు సెకన్లు చూసి, "ఏమే, నిద్దట్లో ఎలక కొరికిందా?" అంది.

వెనక్కి వెళ్లి అడిగాను. ఆయన రెండు వేళ్లతో నా జుట్టు పట్టుకుని, అదేదో జబ్బు చేసినట్టు మొహం పెట్టి, "మీ హెయిర్ ఫ్రిజ్జీ మేడమ్. స్మూతెనింగ్ చేయించుకుంటే సెట్ అవుద్ది" అన్నాడు. అంటే మందు పెట్టి వంకీలు తీసేసి జుట్టు సాఫు చెయ్యడం.

చూశారా! ఇదీ నా థియరీ. రాసిపెట్టుకోండి, తిట్టుకోండి, మీ ఇష్టం. తడి మీద కట్ చేసి కట్‌ని పాడు చేస్తారు, పాడైంది నీ జుట్టు వల్లే అంటారు, ఆ జుట్టుని బాగుచెయ్యడానికి స్మూతెనింగ్ అమ్ముతారు. కావాలని చేస్తున్నారో, వాళ్లు నేర్చుకున్నదే సాఫు జుట్టు మీదో నాకనవసరం. బిల్లు మాత్రం మనకే. పైగా స్మూతెనింగ్ చేయించుకున్నాక షాగ్ ఎక్కడిది? కింద జుట్టు చీపురు పుల్లల్లా, కుదుళ్ల దగ్గర కొత్తగా వచ్చేది మాత్రం మళ్లీ వంకీలే. ఒకే తల మీద ఇద్దరి జుట్టు.

అసలు తడిస్తే ఏమవుద్దో వినండి. తడిసిన వెంట్రుక సాగుద్ది. దాన్ని దువ్వెన పెట్టి ఇంకా లాగుతారు. వంకీ మొత్తం విప్పేసి, స్కేలు గీతలా చేసి, అప్పుడు కొలత చూసి కత్తిరిస్తారు. ఆరాక వంకీ తన చోటికి తను వెళ్లిపోద్ది. జుట్టంతా ఒకే పొడుగుంటే అంగుళం పైకి పోయినా ఎవరికీ తెలీదు. షాగ్‌లో అలా కుదరదు. నడినెత్తి మీద పొట్టి లేయర్లు, కిందికొచ్చేకొద్దీ పొడుగు, ముందర ఫ్రింజ్, ఆ ఫ్రింజ్ చెంపల మీదుగా పక్క లేయర్లలో కలిసిపోవాలి. పైనున్న బరువు తీసేస్తారు కదా, ఆ పొట్టి పాయలు స్ప్రింగుల్లా లేస్తాయి. పైగా మన తల మీద వంకీలన్నీ ఒకలా ఉండవు. మెడ దగ్గర వదులుగా, కణతల దగ్గర బిగుతుగా. ఒక పాయ అరంగుళం లేస్తే దాని పక్కది రెండంగుళాలు లేస్తది. తడి మీద చూస్తే ఇదంతా కనపడుద్దా? కనపడదు!

సాఫు జుట్టు వాళ్లు, మీకు తడి మీద చేసినా పర్లేదు, ఒప్పుకుంటున్నా. మీ సమస్య మెట్లు. లేయరు లేయరుకీ గీత కనిపిస్తది. కత్తెర అడ్డంగా కాకుండా నిలువుగా పట్టుకుని చివర్లు పళ్లు పళ్లుగా తియ్యమనండి, పాయింట్ కటింగ్ అంటారు. రాత్రి రెండు వదులు జడలేసుకుని పడుకుంటే పొద్దున కాస్త వంపు వస్తది. అంతే, మీకు దేవుడు ఆల్రెడీ చాలా ఇచ్చాడు.

పలచటి జుట్టు వాళ్లు మాత్రం జాగ్రత్త. మీరు రీల్స్‌లో చూసే షాగ్ అడగకండి. కింద అంచు నిండుగా ఒకే గీతలో ఉంచమనండి, భుజాల పైకే ఉంచండి, నడినెత్తి మీద నాలుగు లేయర్లు చాలు. రేజర్ పట్టుకుంటే లేచి వచ్చెయ్యండి. ఉన్న నాలుగు వెంట్రుకలూ లేయర్లకే ఖర్చయిపోతే కింద మిగిలేది ఎలక తోకే. మళ్లీ ఎలకే! కుదుళ్లకి కొంచెం మూస్ (నురగలా వచ్చే స్టైలింగ్ క్రీమ్) రాసి, తల కిందికి వంచి ఆరబెట్టుకోండి.

ఇక ఒత్తుగా వంకీలున్నవాళ్లు. షాగ్ మీదే తల్లీ! చిన్నప్పట్నుంచీ "గడ్డివాము" అనిపించుకున్నారే, ఆ గడ్డివాముకే షాగ్ కావాలి. మీరు చూసుకోవాల్సింది పళ్ల కత్తెర. ఒత్తు తగ్గిస్తానని దాన్ని కుదుళ్ల దగ్గర ఆడించాడంటే, ఆ పొట్టి మొలకలు పై జుట్టుని తోసుకుంటూ నిలబడతాయి. హైదరాబాద్‌లో ఎలాగోలా నెట్టుకొస్తారు, విశాఖ గాలి తగిలిందో, అంతే సంగతులు.

రింగుల జుట్టుకైతే రింగు రింగుకీ విడిగా, పొడి మీద కట్ చెయ్యాలి. టైం పడుద్ది, పట్టనివ్వండి. ముందురోజు తల స్నానం చేసి, నూనె లేకుండా, క్లిప్పు పెట్టకుండా, జుట్టు విరబోసుకునే వెళ్లండి. రబ్బరు బ్యాండ్ పెట్టుకుని వెళ్తే ఆ నొక్కునే వంకీ అనుకుని కత్తిరిస్తారు. "ఆరాక చెంప ఎముక దగ్గర ఆగాలి" అని చెప్పండి. ఆరాక! సీసా మీద చెయ్యి వేస్తే ఆ చెయ్యి పట్టుకోండి.

ఇప్పుడు పెద్దమ్మల కోసం చిన్న బ్రేక్. "ఆడపిల్లకి జడే అందం, కత్తిరించుకుంటావా" అంటారు కదా. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ మొహం చూపించకముందే జడ తెర మీదికి వేస్తుంది, సవాలు అది. ఆ సత్యభామ వేషానికే పేరు మోసిన వేదాంతం సత్యనారాయణ శర్మ గారు ఎవరు? మగాయన! అంటే అంత గొప్ప జడా కట్టుడు జడే. మనింట్లో బీరువాలో సవరం లేదా? పెళ్లికి జడ కావాలంటే అది ఉంది. కాకపోతే పెళ్లి నాలుగు నెలల్లో ఉంటే షాగ్ జోలికి పోకండి. జుట్టు పెరిగేది నెలకి అరంగుళం, పొట్టి పాయలు జడలోంచి ముళ్లలా పొడుచుకొస్తాయి, పూలు కూడా నిలబడవు.

స్టైలింగ్‌కి పెద్ద ఖర్చు లేదు. పావు కప్పు అవిసె గింజలు, రెండు కప్పుల నీళ్లు, కోడిగుడ్డు తెల్లసొనలా జారేదాకా మరగబెట్టి, వేడి మీదే పల్చటి గుడ్డలో వడకట్టండి. చల్లారితే ఇక వడకట్టలేరు, నేను అమ్మ కాటన్ చున్నీ ఒకటి పాడు చేశాను. నీళ్లు కారుతున్న జుట్టుకే ఆ జెల్ రాసి, చివర్ల నుంచి పైకి గుప్పిట్లో నలపండి. అవును, ఇక్కడ తడి కావాలి. స్టైలింగ్ తడి మీద, కట్ పొడి మీద! టవల్‌తో రుద్దకుండా పాత కాటన్ టీషర్ట్‌తో అద్దండి. ఆరేదాకా చెయ్యి పెట్టొద్దు. ఆరాక అప్పడంలా గట్టిగా ఉంటది, భయపడకుండా నలిపెయ్యండి, లోపల వంకీ మెత్తగా బయటికొస్తది. కొబ్బరి నూనె తల స్నానానికి ముందే. తర్వాత రాశారంటే షాగ్ కాదు, స్కూల్ ఫొటో.

ఆఖరిది, ఎవరూ చూడనిది: సుడి. షాగ్‌లో పొట్టి లేయర్లు వచ్చేది సరిగ్గా ఆ చోటే. సుడి మీద మరీ పొట్టిగా కట్ చేస్తే పిలకలా నిలబడుద్ది, ఏ జెల్లూ దాన్ని పడుకోబెట్టలేదు. అక్కడ రెండంగుళాలు ఎక్కువ ఉంచమని కూర్చోగానే చెప్పండి. రెండు సుళ్లుంటే రెండు పెళ్లిళ్లంటారు కదా, పెళ్లిళ్ల సంగతి తెలీదు గానీ రెండు పిలకలు మాత్రం ఖాయం.

మీది ఏ జుట్టు, సుళ్లెన్ని, కామెంట్‌లో పెట్టండి. రెండున్నవాళ్లు మీ ఆయన పక్కన లేనప్పుడు టైప్ చెయ్యండి.