పాత రాతప్రతులు లైబ్రరీకిస్తే పన్ను ఎంత తగ్గుతుంది? అమెరికా రూల్స్

నమస్కారమండీ. ఇంట్లో పాత రాతప్రతులో, ఉత్తరాల కట్టలో, తొలి ముద్రణ పుస్తకాలో ఉన్నాయి. పబ్లిక్ లైబ్రరీకి ఇద్దామనుకుంటున్నారు. పన్నులో ఎంత కలిసొస్తుందో అమెరికా రూల్స్ ప్రకారం చూద్దాం. సేకరణ ఎంత గొప్పదైనా సరే, కాగితాల వరస తప్పిందా, మినహాయింపు పోయినట్టే.

ముందు తేల్చుకోవాల్సింది, అవి రాసిందెవరు అని. మీరే రాసిన డైరీలు, రాతప్రతులు ఇస్తే మార్కెట్ విలువ లెక్కలోకి రాదు. కాగితానికీ సిరాకూ పెట్టిన ఖర్చు వరకే. 1969 చట్టం పెట్టిన తిరకాసు ఇది. అదే మీ నాన్నగారు రాసినవి, ఆయన పోయాక మీకు వచ్చాయనుకోండి, మార్కెట్ విలువంతా చూపించొచ్చు. రాసినాయనకి సిరా ఖర్చు, వారసులకి పూర్తి ధర! నాకైతే ఇది అన్యాయమే అనిపిస్తుంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి చేరాల్సిన స్వరకర్త స్ట్రావిన్‌స్కీ సంగీత రాతప్రతులు చివరికి స్విట్జర్లాండ్‌లో ఒక ఫౌండేషన్‌కి వెళ్లాయంటే, దాని వెనక ఈ చట్టం కూడా ఉంది.

ఇదే చట్టం దగ్గర అమెరికా అధ్యక్షుడు నిక్సన్ కూడా ఇరుక్కున్నారు. వైస్ ప్రెసిడెంట్‌గా ఉన్నప్పటి కాగితాలు నేషనల్ ఆర్కైవ్స్‌కి ఇచ్చానని 5 లక్షల 76 వేల డాలర్ల మినహాయింపు చూపించారు. సొంత కాగితాలకి పూర్తి విలువ చూపించుకోడానికి ఆ చట్టం పెట్టిన గడువేమో 1969 జులై 25. దానపత్రం మీద వెనకటి తేదీ వేశారని తర్వాత బయటపడింది, మినహాయింపు చెల్లలేదు. అధ్యక్షుడికే చెల్లనిది మనకి చెల్లుతుందా? తేదీలతో ఆటలొద్దు.

ఇక ఎవరి పేర ఇస్తున్నారో చూసుకోండి. లైబ్రరీకి నేరుగా ఇచ్చి, వాళ్లు దాన్ని పాఠకుల కోసం భద్రపరిస్తే పూర్తి విలువ. లైబ్రరీకి అనుబంధంగా ఉండే స్నేహబృందానికి ఇచ్చారు, వాళ్లు పుస్తకాల అమ్మకంలో పెట్టేశారు, అప్పుడు పెరిగిన విలువ మీకు రాదు, మీకు పడిన ధర వరకే. కొన్న వస్తువైతే ఏడాది దాటి మీ దగ్గర ఉండాలి కూడా.

విలువ 5,000 డాలర్లు దాటితే అర్హతగల అప్రైజర్‌తో, అంటే విలువ కట్టే నిపుణుడితో, మదింపు చేయించాలి. ఇక్కడే చాలామంది తెలివి చూపించబోతారు: పది పుస్తకాలు ఈ లైబ్రరీకి, పది ఆ లైబ్రరీకి ఇస్తే హద్దు దాటం కదా అని. కుదరదండీ. ఒకే రకం వస్తువులు ఒకే ఏడాదిలో ఎన్ని చోట్ల ఇచ్చినా అన్నీ కలిపే లెక్క. మదింపు తేదీ దానానికి 60 రోజుల కన్నా ముందుది కాకూడదు. ఫీజు విలువలో ఇంత శాతం అని మాట్లాడుకోకూడదు. లైబ్రరీవాళ్లనే విలువ కట్టమని అడక్కండి, పుచ్చుకునేవాళ్ల మదింపు పనికిరాదు. అప్రైజర్‌కి డబ్బు కట్టేలోపు, అసలు ఆ సేకరణ లైబ్రరీకి కావాలో వద్దో కనుక్కోండి. చాలాసార్లు వద్దంటారు!

తర్వాత ఫారం 8283, వస్తువుల రూపంలో ఇచ్చిన దానాలకి రిటర్న్‌తో జత చేసేది. దాని మీద అప్రైజర్ సంతకం, లైబ్రరీ సంతకం రెండూ ఉండాలి. రిటర్న్ వేసేలోపు లైబ్రరీ నుంచి రసీదు ఉత్తరం తీసుకోండి. బదులుగా మీకేమీ ఇవ్వలేదని అందులో రాసుండాలి.

మరి మిగిలేదెంత? మినహాయింపు పోయేది ఆదాయంలోంచి, పన్నులోంచి కాదు. 24 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకి 20,000 డాలర్ల సేకరణ మీద మహా అయితే 4,800. అదీ స్టాండర్డ్ డిడక్షన్ కాకుండా ఖర్చులు విడివిడిగా చూపించుకునేవాళ్లకే. విలువ పెరిగిన వస్తువులకి సాధారణంగా ఆదాయంలో 30 శాతం వరకే హద్దు, మిగిలింది తర్వాతి అయిదేళ్లకి మోసుకెళ్లొచ్చు. బ్రిటన్‌లో పద్ధతి వేరు: 2013లో వచ్చిన కల్చరల్ గిఫ్ట్స్ స్కీమ్‌లో విలువలో 30 శాతం నేరుగా పన్నులోంచే తగ్గిస్తారు. కానీ జాతీయ ప్రాముఖ్యం ఉన్నవాటికే.

లైబ్రరీ మూడేళ్లలోపు దాన్ని అమ్మేస్తే ఫారం 8282తో అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కి చెప్పాల్సిందే, మీరు చూపిన విలువ మళ్లీ ప్రశ్నలోకి వస్తుంది. అందుకని దానపత్రం మీద సంతకం చేసేముందే, అక్కర్లేనివి ఏం చేస్తారని లైబ్రేరియన్‌ని అడిగేయండి.