ఫిట్స్ వచ్చిన పిల్లని తిండి గురించి కూడా అడగాలి

అందరికీ నమస్కారం. ఈ హాల్లో విద్యార్థినులున్నారు, హాస్టల్ వార్డెన్లున్నారు, వెనక వరసల్లో తల్లిదండ్రులూ కనిపిస్తున్నారు. మీ అందరికీ పనికొచ్చే మాటే చెబుదామని వచ్చాను.

కొన్నేళ్ల కిందట ఒక పొద్దున్నే క్యాజువాలిటీకి పంతొమ్మిదేళ్ల అమ్మాయిని తీసుకొచ్చారు. హాస్టల్ బాత్‌రూమ్ దగ్గర పడిపోయింది. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి, నాలుక కొరుక్కుంది. స్నేహితురాళ్లు చేతిలో పెట్టిన తాళాలగుత్తి మా దగ్గరికి వచ్చేదాకా పిడికిట్లోనే ఉంది. "రాత్రి ఏం తిన్నదమ్మా?" అని అడిగాను. "అది అసలు తినదండీ, డైటింగ్" అంది ఒక పిల్ల, అదేదో మామూలు సంగతైనట్టు.

తల స్కానింగ్ చేయించాం. మన దేశంలో ఫిట్స్‌తో వచ్చినవాళ్లకి బద్దెపురుగు గుడ్ల వల్ల మెదడులో గడ్డలు కనిపించడం చాలా మామూలు, అందుకే ముందు స్కానింగ్ తీయిస్తాం. అది సరైన పనే. ఆమెకి స్కానింగ్ బాగానే వచ్చింది. సోడియం మాత్రం 114 ఉంది. మామూలుగా 135 నుంచి 145 మధ్య ఉండాలి.

అసలు సంగతి రెండో రోజు సాయంత్రం బయటపడింది, వాళ్లమ్మ కాఫీకని కిందికి వెళ్లినప్పుడు. "ఆకలేసినప్పుడల్లా నీళ్లు తాగుతాను డాక్టర్ గారూ. ఆ రాత్రి లీటరు సీసాలు ఐదో ఆరో తాగాను" అంది. ఎనిమిది నెలలుగా అన్నం ముట్టలేదు. రోజుకి రెండు ఇడ్లీలు, ఒక ఆపిల్. అద్దంలో చూసుకుంటే ఇంకా లావుగానే కనిపిస్తున్నానని ఏడ్చింది. అప్పటికి ఆమె బరువు 36 కిలోలు.

ఉప్పూ పప్పూ లేని కడుపులోకి అన్ని నీళ్లు పోస్తే రక్తంలో సోడియం పలచబడిపోతుంది. అప్పుడు నీరు కణాల్లోకి చేరి అవి ఉబ్బుతాయి. ఒంట్లో మిగతా చోట్ల ఉబ్బడానికి జాగా ఉంటుంది. మెదడు చుట్టూ ఉన్నది పుర్రె, అది సాగదు. అందుకే ఫిట్స్. దాన్ని సరిచేయడమూ నెమ్మదిగానే చేయాలి. ఒక్కసారిగా ఎక్కిస్తే మెదడు కాండం దెబ్బతింటుంది.

ఆమెకున్నది మూర్ఛవ్యాధి కాదు, అనొరెక్సియా, అంటే లావవుతానన్న భయంతో తిండి మానేసే జబ్బు. తేడా ఎందుకు ముఖ్యమంటే, మూర్ఛ అని ముద్ర వేస్తే ఏళ్ల తరబడి మాత్రలు మింగిస్తారు, అసలు జబ్బు లోపల అలాగే ముదురుతుంది. ఆ ముద్ర ఎంత బరువో పెళ్లీడు పిల్లలున్న తల్లిదండ్రులకి నేను చెప్పక్కర్లేదు. మాటిమాటికీ ఫిట్స్ వస్తాయన్న కారణం చూపి పెళ్లి రద్దు చేయించుకునే వీలు మన హిందూ వివాహ చట్టంలో 1999 దాకా ఉండేది. చట్టం మారింది గానీ ఇళ్లలో ఆ భయం పోలేదు. అందుకే చాలామంది ఫిట్స్ సంగతీ దాస్తారు, తిండి సంగతీ దాస్తారు.

తినకపోవడం ఒక్కటే కాదు. తిని కక్కేసుకునేవాళ్లున్నారు. దాన్ని బులీమియా అంటాం. వీళ్లు బక్కగా ఉండరు, బరువు చూస్తే అందరిలాగే ఉంటారు, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. నేనైతే చెయ్యి చూస్తాను. గొంతులో వేళ్లు పెట్టుకునే చేతికి, పళ్లు ఒరుసుకుని ఒరుసుకుని వేళ్ల కణుపుల మీద చర్మం కాయకట్టి ఉంటుంది. చెవుల కింద చెంపలు ఉబ్బి ఉంటాయి. రోజూ వాంతులైతే, విరేచనాల మాత్రలు మింగితే పొటాషియం, మెగ్నీషియం పడిపోతాయి. మెగ్నీషియం బాగా తగ్గితే ఫిట్స్ రావచ్చు. పొటాషియం తగ్గితే గుండె లయ తప్పుతుంది. లయ తప్పి మెదడుకి రక్తం అందక పడిపోయినప్పుడూ కాళ్లూ చేతులూ నాలుగైదుసార్లు కొట్టుకుంటాయి, చూసేవాళ్లకి అచ్చం ఫిట్స్‌లాగే ఉంటుంది. అందుకే ఇలాంటి పిల్లకి ఈసీజీ తీయకుండా ఇంటికి పంపకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక అమ్మలకి ఒక మాట. పిల్ల తినడానికి ఒప్పుకోగానే ఆనందం పట్టలేక నెయ్యన్నం, స్వీట్లు కలిపి పెట్టేయాలనిపిస్తుంది. వద్దు. మన పెద్దవాళ్లు లంఖణాల తర్వాత ఏం చేసేవారో గుర్తు తెచ్చుకోండి. ముందు జావ, తర్వాత చారన్నం, ఆ తర్వాత బీరకాయ కూరతో పథ్యం. దాని వెనక ఎంత అనుభవం ఉందో! రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక చెర నుంచి బయటపడిన, ఆకలితో ఎండిపోయిన మనుషులకి కడుపునిండా పెడితే కొందరు ఆ తిండి వల్లే చనిపోయారు. ఎండిన ఒంట్లోకి ఒక్కసారిగా పిండిపదార్థం పడితే రక్తంలోని ఫాస్ఫేటు అనే లవణాన్ని ఒంట్లోని కణాలు లాగేసుకుంటాయి, రక్తంలో అది పడిపోతుంది. ఫిట్స్ రావచ్చు, గుండె ఆగవచ్చు. బాగా చిక్కిపోయిన పిల్లకి మొదటి వారం రోజుల తిండి ఆసుపత్రిలో, రక్తపరీక్షలు చేస్తూ, బి1 విటమిన్ ఇస్తూ పెట్టాలి.

మందుల సంగతీ చెప్పాలి. బుప్రోపియాన్ అనే మాత్ర దిగులుకీ, సిగరెట్ మాన్పించడానికీ మన దగ్గరా రాస్తారు. అమెరికాలో 1985లో దీనికి అనుమతి వచ్చింది. బులీమియా ఉన్న 55 మందికి ఇచ్చి చూస్తే నలుగురికి ఫిట్స్ వచ్చాయి. 1986లో దాన్ని అమ్మకం నుంచి వెనక్కి తీసుకున్నారు, 1989లో మోతాదు తగ్గించి మళ్లీ వదిలారు. ఈ జబ్బు ఇప్పుడున్నా, ఎప్పుడో ఉండి తగ్గినా ఆ మాత్ర వాడకూడదు. డాక్టరు రాసేటప్పుడు మీరు దాచిపెట్టిన ఆ ఒక్క సంగతీ ప్రాణం మీదికి తేగలదు. దయచేసి చెప్పండి.

వ్యవహారం ఇటునుంచి అటూ నడుస్తుంది. నిజంగా మూర్ఛవ్యాధి ఉన్న ఆడపిల్లల్లో కొందరికి వాల్‌ప్రోయేట్ మాత్రలతో బరువు పెరుగుతుంది. లావవుతున్నానని చెప్పకుండా మాత్ర మానేస్తారు, ఉన్నట్టుండి ఆపేసరికి ఆగకుండా ఫిట్స్ వస్తాయి. మూర్ఛకే ఇచ్చే టోపిరామేట్ అనే ఇంకో మాత్ర వల్ల ఆకలి చచ్చి, సన్నబడి, ఆ సన్నదనం నచ్చి తిండి మానేసేవాళ్లూ ఉన్నారు. బరువు సంగతి మీ డాక్టరుకి చెప్పండి, మాత్ర మార్చే వీలుంటుంది.

అడగడం ఎలా? నలుగురిలో అడగొద్దు. "ఎందుకు తినవే, పొగరా?" అని అసలే అనొద్దు. నేను పక్కన కూర్చుని, "అన్నం ముందు కూర్చుంటే భయంగా ఉంటుందా అమ్మా?" అంటాను. చాలామంది ముందు తల ఊపుతారు, మాట తర్వాత వస్తుంది. మగపిల్లల్నీ అడగండి, వాళ్లలోనూ ఈ జబ్బు ఉంది.

ఫిట్స్ వచ్చినప్పుడు తాళాలు వెతుకుతూ సమయం పోగొట్టుకోకండి. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, తల కింద చున్నీ మడిచి పెట్టండి, నోట్లో చెంచా గానీ గుడ్డ గానీ పెట్టొద్దు, నీళ్లు పోయొద్దు. గడియారం చూడండి. 5 నిమిషాలు దాటినా, మొదటిసారి వచ్చినా 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో చక్కెర, సోడియం చూశారా అని అడగండి, తిండి విషయం మీకు తెలిస్తే డాక్టరుతో విడిగా చెప్పండి. మనసు విప్పి మాట్లాడాలనుకుంటే 14416, టెలీ మానస్, తెలుగులోనే మాట్లాడతారు.

చీటీలు పంచుతున్నారు. అడగాలనుకున్నది రాసి ముందుకి పంపండి. పేరు రాయక్కర్లేదు. ఇక్కడ చదవొద్దనుకుంటే మూలన ఒక గీత గీయండి, కార్యక్రమం అయ్యాక బయట మెట్ల దగ్గర గంటసేపు ఉంటాను.