యాక్సెస్ పాయింట్ల సాఫ్ట్‌వేర్ లోపాలు: వర్క్‌అరౌండ్ వేసే ముందు చూడాల్సినవి

అందరికీ నమస్కారం. వైఫై ఇచ్చే యాక్సెస్ పాయింట్లను (ఏపీలను), వాటి ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) సవరణ వచ్చేలోపు వర్క్‌అరౌండ్లతో, అంటే తాత్కాలిక సర్దుబాట్లతో, ఎలా నెట్టుకురావాలన్నదే ఈ పూట విషయం. కవరేజీ, కేబులింగ్ జోలికి పోను. ప్రతి వర్క్‌అరౌండూ ఒకచోట బాగుచేసి ఇంకోచోట దెబ్బకొడుతుంది. ఆ దెబ్బ ఎక్కడ పడుతుందో తెలిశాకే సెట్టింగ్ మీద చేయి వేయాలి.

ముందు గ్రూప్ కీ సంగతి. దీనికే ఎక్కువ సమయం తీసుకుంటాను. ఎందుకంటే చాలామంది దీన్ని సిగ్నల్ సమస్య అనుకుని ఏపీల చోట్లు మారుస్తూ ఉంటారు.

ఏపీ దగ్గర ఒక్కో క్లయింట్‌కు, అంటే కనెక్ట్ అయిన పరికరానికి, ఒక్కో గుప్తీకరణ కీ ఉంటుంది. అందరికీ వెళ్లే బ్రాడ్‌కాస్ట్, ఒక గుంపుకు వెళ్లే మల్టీకాస్ట్ ఫ్రేములకు (డేటా తునకలకు) మాత్రం అందరికీ కలిపి ఒకటే గ్రూప్ కీ. దాన్ని ఏపీ కొంత వ్యవధికోసారి మారుస్తుంది, దీన్నే రీకీ అంటారు. లోపమున్న కొన్ని డ్రైవర్లలో కొత్త కీ అందిందని జవాబు వెళ్తుంది గానీ, రేడియో చిప్‌లో పాత కీయే ఉండిపోతుంది. ఇక ఆ క్లయింట్ ఏ బ్రాడ్‌కాస్ట్‌నూ చదవలేదు.

పైకి ఎలా కనిపిస్తుందో చూడండి. ప్రింటర్ కనెక్ట్ అయ్యే ఉంటుంది, సిగ్నల్ నిండుగా ఉంటుంది, ఐపీ ఉంటుంది. ప్రింటర్ తానుగా పంపేది బయటికి వెళ్తుంది. కంప్యూటర్ నుంచి ప్రింట్ ఇస్తే మాత్రం రాదు. ఆపి మళ్లీ ఆన్ చేస్తే తర్వాతి రీకీ దాకా బాగానే ఉంటుంది. ఈ ఐపీ ఎవరిదని కంప్యూటర్ అడిగే ఏఆర్‌పీ ప్రశ్న బ్రాడ్‌కాస్ట్ కదా, అది ప్రింటర్‌కు అర్థం కాదు కాబట్టి జవాబు రాదు.

నిర్ధారించుకోవడం తేలికే. వైర్ మీదున్న కంప్యూటర్‌లో ప్రింటర్ ఐపీకి దాని మ్యాక్ (హార్డ్‌వేర్) చిరునామాను స్టాటిక్ ఏఆర్‌పీగా, అంటే అడగనక్కర్లేకుండా ముందే, ఇవ్వండి. వెంటనే పింగ్‌కు జవాబు వస్తే ఒక్కరికే వెళ్లే యూనికాస్ట్ బాగున్నట్టే, పోతున్నది బ్రాడ్‌కాస్ట్. తర్వాత ఒక టెస్ట్ ఎస్ఎస్ఐడీలో (వైఫై పేరులో) గ్రూప్ రీకీ వ్యవధిని 300 సెకన్లు చేయండి. ఐదు నిమిషాలకే లోపం తిరగబెడితే ఇక అనుమానం అక్కర్లేదు.

వర్క్‌అరౌండ్‌గా రీకీ వ్యవధిని 3600 సెకన్ల నుంచి 86400కు పెంచవచ్చు. లినక్స్ ఏపీ సాఫ్ట్‌వేర్ హోస్ట్‌ఏపీడీలో సీసీఎంపీ గుప్తీకరణ వాడితే డిఫాల్టే 86400. ఎవరైనా క్లయింట్ వెళ్లిపోగానే కీ మార్చే స్ట్రిక్ట్ రీకీ ఆన్‌లో ఉంటే మాత్రం ఆ పెంపు వృథా, దాన్నీ ఆపాలి. ఆపితే, నెట్‌వర్క్ వదిలి వెళ్లినవాళ్ల దగ్గర చెల్లుబాటయ్యే గ్రూప్ కీ ఒక రోజు దాకా ఉండిపోతుంది. ఇంకో దారి ప్రాక్సీ ఏఆర్‌పీ: క్లయింట్ బదులు ఏపీయే జవాబిస్తుంది. పింగ్, ప్రింట్ కుదురుకుంటాయి. పరికరాలను పేరుతో వెతికే ఎండీఎన్ఎస్ మల్టీకాస్ట్ గనక ప్రింటర్‌ను వెతికి పట్టుకోవడం మాత్రం కుదరదు. దానికి మల్టీకాస్ట్‌ను యూనికాస్ట్‌గా మార్చే సెట్టింగ్ కావాలి. అందులో ఒకే ఫ్రేమును ఒక్కో క్లయింట్‌కూ విడిగా పంపాలి కాబట్టి రద్దీ ఉన్న హాల్లో పెట్టవద్దంటాను.

ఇక్కడే ఇంకో చిక్కుంది. 2017 అక్టోబరులో బయటపడిన, వాడిన కీనే మళ్లీ అమర్చేలా చేసే క్రాక్ దాడికి, అప్‌డేట్ రాని పాత క్లయింట్ల కోసం హోస్ట్‌ఏపీడీలో ఒక ఆప్షన్ పెట్టారు. కీ అమర్చే ఈఏపీఓఎల్ సందేశాలను అది మళ్లీ పంపనివ్వదు. దాడికి అడ్డుకట్ట పడుతుంది. కానీ రద్దీలో ఒక్క ఫ్రేము పోయిందంటే కీ మార్పిడే విఫలమై క్లయింట్ తెగిపోతుంది. డిఫాల్ట్‌గా అది ఆఫ్‌లో ఉండేది ఇందుకే. ఎప్పుడో ఎవరో ఆన్ చేసి మరచిపోయి ఉండొచ్చు, కాన్ఫిగరేషన్‌లో ఒకసారి చూడండి.

కనెక్టే కాని క్లయింట్ల గురించి క్లుప్తంగా. పాత ఇంటెల్ డ్రైవర్లున్న ల్యాప్‌టాప్‌లకు 802.11ఏఎక్స్ (వైఫై 6) ఆన్‌లో ఉన్న ఎస్ఎస్ఐడీ జాబితాలోనే కనిపించదు. డ్రైవర్ అప్‌డేట్ చేయడమే సరైన మందు. ఏఎక్స్ ఆపేస్తే పని జరుగుతుంది గానీ కొత్త పరికరాలన్నీ నష్టపోతాయి. ఒక ఏపీ నుంచి ఇంకోదానికి త్వరగా మారనిచ్చే 802.11ఆర్ ఆన్ చేశాక పాత స్కానర్లు చేరకపోతే వాటికి ఆర్ లేని వేరే ఎస్ఎస్ఐడీ ఇవ్వండి.

రాడార్లతో పంచుకునే డీఎఫ్ఎస్ చానళ్లలో ఏపీ లేని రాడార్‌ను ఉన్నట్టు పసిగట్టి చానల్ మారుతుంటే, వదిలిన చానల్‌కు 30 నిమిషాల దాకా తిరిగి వెళ్లకూడదు. కొత్తది కూడా డీఎఫ్ఎస్ చానలే అయితే ముందు రాడార్ ఉందేమోనని కనీసం 60 సెకన్లు వినాలి. అలాంటిచోట 36–48 చానళ్లకు పరిమితం కండి, 80 మెగాహెర్ట్జ్ వెడల్పును 40కో 20కో దించండి. దేశం కోడ్ మార్చి డీఎఫ్ఎస్‌ను తప్పించుకునే చిట్కా ఒకటి తిరుగుతోంది. అది వర్క్‌అరౌండ్ కాదు, చట్ట ఉల్లంఘన.

ఇక సర్టిఫికెట్ గడువు. 2022 డిసెంబరు 4న ఒక సర్టిఫికెట్ గడువు తీరడంతో, సిస్కో సొంత ఐఓఎస్ (ఆపిల్‌ది కాదు) మీద నడిచే పాత ఏపీలు అప్‌గ్రేడ్‌లో డౌన్‌లోడింగ్ దగ్గరే ఆగిపోయాయి. ఏపీలను నడిపే కంట్రోలర్‌లో ఎన్‌టీపీ (గడియారాన్ని నెట్‌వర్క్ నుంచి సరిచేసేది) ఆపి, గడియారాన్ని ఆ తేదీకి మునుపటి రోజుకు వెనక్కి జరపడమే వర్క్‌అరౌండ్. ఆ కాసేపు లాగుల్లో సమయాలు తప్పుగా పడతాయి, ఆ తేదీ తర్వాత జారీ అయిన సర్టిఫికెట్లు కంట్రోలర్‌కు ఇంకా మొదలుకానివిగా కనిపిస్తాయి. అందుకే సవరించిన ఇమేజ్‌నే (ఫర్మ్‌వేర్ ఫైలునే) ఎక్కించండి, పని రాత్రిపూట పెట్టుకోండి. చివరి ఏపీ కూడా కొత్త ఇమేజ్‌తో చేరిందని చూశాకే ఎన్‌టీపీని ఆన్ చేయండి. తొందరపడితే మిగిలినవి మళ్లీ డౌన్‌లోడింగ్ దగ్గరే ఇరుక్కుంటాయి.