తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?

అందరికీ నమస్కారం.

సృజనాత్మక ఆలోచనల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నిజానికి ఆలోచనలకి ఎక్కడా కరువు లేదు. ఏ కాలనీలోనైనా పది మందిని ఒకచోట కూర్చోబెట్టండి, గంటలో పాతిక పుట్టుకొస్తాయి. ఖాళీ స్థలంలో తోట, వాడని గదిలో లైబ్రరీ, బోసిగా ఉన్న గోడకి బొమ్మలు, పిల్లలతో నాటకం. వాటిలో ఒకటి వాట్సాప్ గ్రూపులో పెడితే చాలామంది 'సూపర్' అంటారు. శనివారం పొద్దున్నే ఆ స్థలం దగ్గరికి వెళ్లి చూస్తే ఇద్దరుంటారు. ఆ ఇద్దరిలో ఒకరు ఆలోచన చెప్పినాయనే.

ఆలోచన మంచిదా కాదా అని మనం గంటలకి గంటలు వాదించుకుంటాం. అంతకంటే ముందు తేలాల్సిన ప్రశ్న ఒకటుందని నా అభిప్రాయం. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? మీకు జ్వరం వచ్చిన రోజున ఆ గది ఎవరు తెరుస్తారు, మొక్కలకి నీళ్లెవరు పోస్తారు, అయిపోయాక కుర్చీలు ఎవరు సర్దుతారు? దీనికి జవాబుంటే చాలా మామూలు ఆలోచన కూడా ఏళ్ల తరబడి నడుస్తుంది. జవాబు లేకపోతే ఎంత గొప్ప ఆలోచనైనా ప్రారంభోత్సవం ఫొటోతో సరి.

2004 అక్టోబర్ 2న లండన్‌లోని బుషీ పార్క్‌లో పాల్ సింటన్-హ్యూయిట్ అనే ఆయన ఐదు కిలోమీటర్ల పరుగు ఏర్పాటు చేశారు. అప్పటికి ఆయనకి దెబ్బ తగిలి పరుగెత్తలేని పరిస్థితి. తోటి రన్నర్లకి దూరం కాకూడదన్నదే ఆయన కోరిక. ఆ రోజు పరుగెత్తింది 13 మంది. ఫలితాలు కాగితం మీద రాసుకున్నారు. చివరిగీత దాటినవాళ్లకి ఎన్నో స్థానమో తెలియడానికి టోకెన్లు ఇవ్వాలి కదా, అందుకు హార్డ్‌వేర్ షాపులో దొరికే వాషర్లు వాడారు. ఫీజు లేదు. రెండో చోట ఇలాంటి పరుగు మొదలైంది 2007లో. అంటే రెండేళ్లకి పైగా అదే పార్కు, అదే దారి, శనివారం తర్వాత శనివారం. ఇప్పుడు 'పార్క్‌రన్' పేరుతో ఇరవైకి పైగా దేశాల్లో జరుగుతోంది.

ఇందులో ఆలోచన ఏముంది చెప్పండి? పార్కులో పరుగెత్తడం ఎవరికి తెలియదు! అసలు తెలివంతా పనిని ముక్కలు చేయడంలో ఉంది. ఒకరు స్టాప్‌వాచ్ నొక్కాలి, ఒకరు టోకెన్లు ఇవ్వాలి, మలుపు దగ్గర ఒకరు నిలబడి దారి చూపాలి, అందరికంటే వెనక ఒకరు నడుచుకుంటూ రావాలి. వీటిలో పది నిమిషాల్లో నేర్చుకోలేనిది ఒక్కటీ లేదు. అందుకే ఈ వారం వచ్చినవాళ్లు వచ్చే వారం రాకపోయినా పరుగు ఆగదు. సంస్థలు నడిపేవాళ్లు నాయకత్వం గురించి చాలా మాట్లాడతారు గానీ, పక్కవాడికి చటుక్కున అప్పజెప్పగలిగేలా పనిని విడగొట్టడం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

దీనికి పూర్తిగా ఎదురు కథ చండీగఢ్‌లో ఉంది. నేక్‌చంద్ అక్కడ ప్రజా పనుల శాఖలో రోడ్ ఇన్‌స్పెక్టర్. 1950ల చివర్లో సుఖ్నా సరస్సు దగ్గర, కట్టడాలకి అనుమతి లేని అటవీ భూమిలో, ఎవరికీ చెప్పకుండా ఒక లోకం కట్టడం మొదలుపెట్టారు. పగిలిన కప్పులు, గాజుముక్కలు, కూల్చిన ఇళ్ల శిథిలాలు ఏరుకొచ్చి మనుషుల్ని, జంతువుల్ని చేశారు. ఉద్యోగం అయ్యాక, రాత్రిళ్లు, ఏళ్ల తరబడి. అధికారుల కంట పడినప్పుడు కూల్చేస్తారనే అందరూ అనుకున్నారు. జనం అండగా నిలబడ్డారు. 1976లో అది రాక్ గార్డెన్‌గా ప్రజలకి తెరుచుకుంది. ఆయనకి జీతం ఇచ్చి, యాభై మంది పనివాళ్లని కూడా అప్పగించారు.

ఇక్కడిదాకా అందరూ చెప్పే కథే. తర్వాతిది తక్కువ మంది చెబుతారు. 1996లో ఆయన ప్రసంగాల కోసం విదేశాలకి వెళ్లినప్పుడు నగర యంత్రాంగం నిధులు ఆపేసింది. దుండగులు తోటలో విధ్వంసం చేశారు. చివరికి రాక్ గార్డెన్ సొసైటీ నిర్వహణ చేతిలోకి తీసుకుని మళ్లీ నిలబెట్టింది. అంతటి కళాకారుడి పనికే ఆయన పక్కకి జరిగితే ఆ గతి పట్టిందంటే, మన కమ్యూనిటీ హాలు మూలన పెట్టే పుస్తకాల అలమారా సంగతి వేరే చెప్పాలా?

మరి మనుషులు రావాలంటే ఎలా అడగాలి? 'అందరూ సహకరించగలరు' అని మెసేజ్ పెడితే ఎవరూ రారు. అది ఎవరి పేరునా రాసిన ఉత్తరం కాదు. అదే ఒకరి దగ్గరికి వెళ్లి, 'అక్కా, శనివారం తొమ్మిదింటికి వచ్చి బల్లలు వేయడానికి గంటసేపు ఉండగలవా?' అని అడగండి. అవుననో కాదనో తేలిపోతుంది. కాదంటే పోయిందేమీ లేదు. పెయింటింగ్ వచ్చినవాళ్లని పెయింటింగే అడగాలని కూడా లేదు. రోజంతా లెక్కలు రాసేవాడికి ఆదివారం కూడా లెక్కలే అంటే విసుగు రాదూ? వాడికి బ్రష్ ఇచ్చి చూడండి.

ఈ విషయంలో నాకు బాగా నచ్చేది రిపేర్ కేఫ్. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టీన్ పోస్ట్‌మా అనే ఆవిడ మొదలుపెట్టారు. చెడిపోయిన మిక్సీనో, రేడియోనో, చిరిగిన కోటో పట్టుకొస్తే, పనొచ్చిన వాలంటీర్లు డబ్బు తీసుకోకుండా బాగుచేయడానికి సాయపడతారు. కీలకం ఏమిటంటే, వస్తువు అక్కడ పడేసి సాయంత్రం వచ్చి తీసుకెళ్తానంటే కుదరదు. పక్కనే కూర్చోవాలి, స్క్రూలు పట్టుకోవాలి, చూడాలి. ఆ ఒక్క నియమం లేకపోతే అది ఉచిత సర్వీస్ సెంటర్ అయిపోయేది, బాగుచేసేవాళ్లు కొన్నాళ్లకి ఓపిక నశించి మానేసేవాళ్లు. పక్కన కూర్చున్నవాళ్లలో ఎవరో ఒకరు తర్వాతి నెల బల్లకి అవతలివైపు కూర్చుంటారు. మీ ఆలోచనలో కూడా తీసుకునేవాళ్ల చేతులకి ఏదైనా పని ఉందా అని చూసుకోండి.

అనుమతుల టెన్షన్ అందరికీ ఉంటుంది. శాశ్వతంగా కావాలని అడిగితే ఏ అధికారైనా భయపడతాడు, అది సహజం. ఒక్క రోజుకి అడగండి. కొలంబియా రాజధాని బొగోటాలో 1974 డిసెంబర్ 15న సైకిల్ అభిమానులు కొన్ని రోడ్లమీద కార్లు లేకుండా ఒక్కపూట కార్యక్రమం చేశారు. వేలమంది వచ్చారు. ఇప్పుడు అక్కడ ప్రతి ఆదివారం, సెలవు రోజున, పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా 120 కిలోమీటర్లకి పైగా రోడ్లు నడిచేవాళ్లకి, సైకిళ్లకి వదిలేస్తారు. ముందే అంత అడిగి ఉంటే ఫైలు ఇంకా తిరుగుతూనే ఉండేదేమో. న్యూయార్క్‌లో లిజ్ క్రిస్టీ, ఆవిడ మిత్రులు 1973లో చెత్తతో నిండిన ఖాళీ స్థలాన్ని ముందు శుభ్రం చేసి తోట పెంచారు. మరుసటి ఏడు నగరపాలక సంస్థ నెలకి ఒక డాలర్ అద్దెకి దాన్ని వాళ్లకిచ్చింది. ముందు పని, తర్వాత కాగితం అన్న ఆ పద్ధతి అన్నిచోట్లా చెల్లదు, జాగ్రత్త. కానీ చేసి చూపించిన దానికి 'సరే' అనిపించుకోవడం కాగితం మీది ప్లాన్‌కి అనిపించుకోవడం కంటే తేలిక.

అడ్డు చెప్పేవాళ్లు ఒకరిద్దరు ఎప్పుడూ ఉంటారు. వాళ్లని తప్పించుకు తిరగొద్దు. 'చప్పుడెంత, చెత్త ఎవరు తీస్తారు, బళ్లు ఎక్కడ పెడతారు?' అని వాళ్లడిగేవన్నీ మీ ప్లాన్‌లో లేని సంగతులే. రాసుకుని జవాబు పట్టుకెళ్లండి. ఒప్పుకోకపోవచ్చు, కనీసం గొడవ తగ్గుతుంది.

డబ్బు గురించి రెండు ముక్కలే. ఎంత ఆలస్యంగా వస్తే అంత మంచిది. వచ్చాక లెక్క అందరికీ కనిపించే గోడమీద ఉండాలి.

ఇంకో సంగతి, ఆపడం. మొదలుపెట్టేటప్పుడే 'మూడు నెలలు చేసి చూద్దాం, తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం' అని తేదీ వేసుకోండి. గడువుందని తెలిస్తే జనం ధైర్యంగా మాట ఇస్తారు. జీవితాంతం అంటే ఎవరికైనా గుండె జారుతుంది. మూడు నెలల తర్వాత ఎవరికీ అక్కర్లేదని తేలితే మూసేయండి, అందులో పరువు పోయేదేమీ లేదు. బలవంతంగా లాక్కొచ్చే కార్యక్రమాలు ఇంకో మంచి పనికి రావాల్సిన మనుషుల్ని తినేస్తాయి.

ఇక నా మాటలు చాలు, మీ వంతు. మీలో చాలామంది ఆలోచనలతోనే వచ్చి ఉంటారు. ఆలోచన రెండు వాక్యాల్లో చెప్పేయండి. ఆ తర్వాత మొదటి నాలుగు వారాలు ఎవరెవరు వస్తారో పేర్లు చెప్పండి. మూడో వారం పేరు దగ్గర తడబడితే కంగారేం లేదు, ఈ హాల్లోనే అడుగుదాం. ముందు వరసలోంచి మొదలుపెడదామా?