జిర్, మోబియస్: ఒకే చేతి రెండు సంతకాలు

[బల్ల మీద సన్నటి కాగితం పట్టీ, గమ్ సీసా]

ఈ పట్టీని సగం మెలి మాత్రమే తిప్పి, రెండు కొసలూ కలిపి అతికిస్తున్నా. ఇప్పుడు మధ్యలోంచి పెన్సిల్‌తో గీత గీసుకుంటూ పోదాం. చూశారా, పెన్సిల్ ఎత్తనే లేదు, రెండు వైపులా గీత పడింది, మళ్లీ మొదటికే వచ్చాం. దీన్ని మోబియస్ పట్టీ అంటారు. ఒక ఫ్రెంచ్ కామిక్స్ ఆర్టిస్ట్ ఈ పేరునే సంతకంగా పెట్టుకున్నాడు.

[పాత ఫోటో]

అసలు పేరు జాఁ జిరో. 1938లో పారిస్ పక్కనే పుట్టాడు. కుర్రతనంలో అమ్మ దగ్గరికని మెక్సికో వెళ్లి కొన్ని నెలలు ఉండొచ్చాడు. అక్కడ చూసిన ఎడారి ఇక ఆయన్ని వదల్లేదు. తర్వాత జిజే అనే బెల్జియం ఆర్టిస్ట్ దగ్గర శిష్యరికం. గురువుగారి పెన్సిల్ బొమ్మలకు ఇంకు పెట్టడం పని.

1963లో పిలోత్ అనే పత్రికలో బ్లూబెరి అనే కౌబాయ్ కామిక్ మొదలైంది. కథ షార్లియేది, బొమ్మలు ఈయనవి. హీరో అమెరికన్ సైన్యంలో లెఫ్టినెంట్. విరిగిన ముక్కు, మాసిన గడ్డం, పేకాట, మందు. ఆ బొమ్మల కింద సంతకం 'జిర్'.

[బ్లూబెరి పేజీ, దగ్గరగా]

గుర్రం డెక్కల కింద లేచే దుమ్ము చూడండి. అంతా బ్రష్ పనే.

అదే ఏడాది హరాకిరి అనే వెటకారపు పత్రికకు గీసిన బొమ్మల కింద మాత్రం 'మోబియస్' అని పెట్టాడు. ఆ పేరును కొన్నాళ్లకే పక్కన పడేశాడు. పదేళ్ల తర్వాత మళ్లీ దుమ్ము దులిపాడు. 1974 చివర్లో స్నేహితులతో కలిసి సొంత ప్రచురణ సంస్థ పెట్టి, మరుసటి ఏడాది మెతాల్ ఉర్లాఁ పత్రిక తెచ్చాడు. అందులో వచ్చిందే అర్జాక్.

[అర్జాక్ పేజీ. సంగీతం ఆపాలి]

పొడుగు టోపీ మనిషి, కింద పెద్ద తెల్లటి పక్షి. ఒక్క డైలాగ్ లేదు. అర్జాక్ అన్న పేరు స్పెల్లింగ్ కూడా ప్రతి కథలో మారిపోతుంది, కావాలనే! ఇక్కడ బ్రష్ పోయి సన్నటి పెన్ను గీతలొచ్చాయి, వాటి మీద నేరుగా రంగులు.

సినిమావాళ్లు ఊరుకుంటారా? హొదొరోవ్‌స్కీ అనే దర్శకుడు తీయాలనుకున్న డ్యూన్ సినిమాకు షాట్ షాట్‌కీ స్టోరీబోర్డ్ గీశాడు. సినిమా మాత్రం మొదలుకాకుండానే ఆగిపోయింది. కానీ అక్కడ కలిసినవాళ్లు పోలేదు. వాళ్లలో ఒకడైన ఓబానన్ రాసిన కామిక్ కథకు అంతస్తుల మీద అంతస్తులు పేర్చిన ఒక నగరం గీస్తే, దాని నీడ తర్వాత బ్లేడ్ రన్నర్ సినిమా మీద పడింది. ఏలియన్ సినిమాలో స్పేస్ సూట్లు ఈయనవే. హొదొరోవ్‌స్కీతోనే 1980లో ఇంకాల్ అనే కామిక్ మొదలుపెట్టాడు.

చాలామంది మోబియస్‌ను ఆకాశానికెత్తి జిర్‌ను వదిలేస్తారు. నాకది నచ్చదు. పదేళ్లు గుర్రాలు గీసి గీసి అరిగిన చెయ్యి కాబట్టే, ఆ పక్షి మీద కూర్చున్నవాడికి బరువుంది. సంతకాలు కప్పేసి రెండు పేజీలూ పక్కపక్కన పెట్టండి: రాళ్లు, ఖాళీ ఆకాశం, ఒంటరి రౌతు.

జిర్ కూడా ఎక్కడికీ పోలేదు. 1989లో షార్లియే చనిపోయాక బ్లూబెరి కథ కూడా తనే రాశాడు. 2012లో కన్నుమూశాడు. బ్లూబెరి కొత్త కథతో చివరి ఆల్బమ్ 2005లో వచ్చింది.

[ఆ చివరి కథలోంచి ఒక బొమ్మ]

అన్నేళ్లు గుర్రం దిగని బ్లూబెరి, ఆ కథలో చాలా భాగం తూటాలు తిని మంచం మీదే ఉంటాడు. బయట టూంబ్‌స్టోన్ ఊళ్లో తుపాకులు సిద్ధమవుతుంటే, లోపల దిండుకు ఆనుకుని తన పాత కథ చెప్పుకుంటుంటాడు.